కన్వేయర్ నియంత్రణలో ఫోటోఎలక్ట్రిక్ సెన్సర్లు

కన్వేయర్ మీద సరుకు ఒక చోటికి చేరిందా లేదా అన్నది కాంతి సాయంతో కనిపెట్టి, ఆ సంగతిని విద్యుత్ సంకేతంగా నియంత్రణ వ్యవస్థకు అందించే పరికరం ఫోటోఎలక్ట్రిక్ సెన్సర్. కర్మాగారాల్లో దీన్ని ‘ఫోటో సెన్సర్’ అంటారు, తొందరలో ఉంటే ఒట్టి ‘సెన్సర్’ అంటారు. మందుల సీసాలు నింపే లైను, బిస్కట్ ప్యాకెట్ల లైను, సిమెంటు బస్తాలను లారీకి ఎక్కించే బెల్టు, విమానాశ్రయంలో సామాన్లు నడిచే దారి, పార్సిళ్ళ గోదాము, ఎక్కడ చూసినా ఫ్రేముకు బిగించిన అగ్గిపెట్టెంత డబ్బా, దానికి వెలిగి ఆరే చిన్న దీపం కనిపిస్తాయి. ఈ డబ్బా చూసేది పెట్టెను కాదు, వెలుతురును. తన కంటికి తగినంత కాంతి అందుతోందా లేదా అన్నది తప్ప దానికి మరేమీ తెలియదు. కాంతి ఆగింది కనుక పెట్టె వచ్చింది అన్నది మనం చేసుకునే ఊహ. ఆ ఊహ తప్పకుండా చూసుకోవడమే ఈ రంగంలో నైపుణ్యమంతా.

పేరు, పుట్టుక

వెలుతురు సోకితే సెలీనియం విద్యుత్ నిరోధం తగ్గుతుందని విల్లోబీ స్మిత్ 1873లో ప్రకటించాడు. అతినీలలోహిత కాంతి పడిన లోహాల మధ్య విద్యుత్ రవ్వలు సులువుగా దూకడాన్ని హైన్‌రిచ్ హెర్ట్జ్ 1887లో గమనించాడు. కాంతి చిన్న చిన్న శక్తి పొట్లాలుగా వస్తుందన్న భావనతో ఐన్‌స్టీన్ 1905లో ఈ కాంతి విద్యుత్ ఫలితానికి వివరణ ఇచ్చాడు. 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది ప్రధానంగా దీనికే. నేటి సెన్సర్ల విషయంలో మాత్రం పేరు కొంత పక్కదారి పట్టిస్తుంది. హెర్ట్జ్ చూసిన ఫలితంలో ఎలక్ట్రాన్లు లోహం వదిలి బయటికి వస్తాయి. ఇప్పటి సెన్సర్లలో ఉండే సిలికాన్ ఫోటోడయోడ్‌లో అలా జరగదు. కాంతి సోకగానే స్ఫటికం లోపలే ఎలక్ట్రాన్, రంధ్రం జంటలు పుట్టి కరెంటు పారుతుంది. వంశవృక్షంలో ఇది హెర్ట్జ్ కంటే స్మిత్‌కే దగ్గర.

తొలి తరం పరికరాల్లో ఒక వైపు మామూలు ఫిలమెంటు బల్బు, మరో వైపు శూన్యనాళికతో చేసిన ఫోటోసెల్ ఉండేవి. కన్వేయర్ అదురుకు ఫిలమెంటు తెగేది. పైగా ఫోటోసెల్‌కు తన బల్బు వెలుగేదో, కిటికీలోంచి పడిన ఎండ ఏదో తేడా తెలిసేది కాదు. కనుక చుట్టూ చీకటి గొట్టం కట్టి వాడేవారు. ఈ రెండు చిక్కులనూ తీర్చింది కాంతి ఉద్గార డయోడ్, అంటే ఎల్‌ఈడీ. 1961లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో బయర్డ్, పిట్‌మన్ పరారుణ ఎల్‌ఈడీని, 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ ఎరుపు ఎల్‌ఈడీని తయారుచేశారు. అదురుకు తెగడానికి ఇందులో తీగె లేదు. అంతకంటే ముఖ్యం, దీన్ని సెకనుకు వేల సార్లు వెలిగించి ఆర్పవచ్చు.

సెన్సర్‌లోని ఎల్‌ఈడీ నిలకడగా వెలగదు. కొన్ని మైక్రోసెకన్లపాటు గట్టిగా మెరిసి ఆరుతుంది, మళ్ళీ మెరుస్తుంది. కాంతిని అందుకునే రిసీవర్ వెనకున్న సర్క్యూట్ ఆ లయతో కలిసే కాంతినే లెక్కలోకి తీసుకుంటుంది. ఎండ, ట్యూబులైటు ఎంత ప్రకాశంగా ఉన్నా ఆ లయ వాటికి లేదు కనుక వడకట్టి వదిలేస్తుంది. అలాగని ఎండకు అసలే లొంగదని కాదు. చాలా సెన్సర్ల కేటలాగుల్లో సూర్యకాంతికి రాసే హద్దు 10,000 లక్స్ దరిదాపుల్లో ఉంటుంది, మిట్టమధ్యాహ్నపు నేరుటెండ మాత్రం లక్ష లక్స్ దాకా పోతుంది. అంత వెలుగు నేరుగా కంటిలో పడితే ఫోటోడయోడ్ నిండిపోయి తన పల్స్‌ను తానే గుర్తించలేదు. లారీలు వచ్చే షెడ్డు తలుపు తూర్పుకో పడమరకో ఉంటే ఉదయమో సాయంత్రమో ఒక గంటసేపు మాత్రం లైను తప్పులు చేసి, తర్వాత తనంతట తానే బాగైపోవడానికి కారణం ఇదే కావచ్చు. రిసీవర్ ముఖాన్ని నీడ వైపు తిప్పితే చాలాసార్లు చిక్కు తీరిపోతుంది.

ఏ కాంతి వాడాలన్నదీ చిన్న విషయం కాదు. సిలికాన్ ఫోటోడయోడ్ పరారుణ కాంతికి, అంటే 850 నుంచి 950 నానోమీటర్ల ప్రాంతానికి బాగా స్పందిస్తుంది. అందుకే దూరం ఎక్కువైన చోట, దుమ్ము ఉన్న చోట పరారుణ సెన్సర్లు వాడతారు. 630 నానోమీటర్లకు అటూ ఇటూ ఉండే ఎరుపు కాంతికి బలం కొంత తక్కువ, కానీ చుక్క ఎక్కడ పడుతోందో బిగించే మనిషి కంటికి కనబడుతుంది. సన్నని అంచునో చిన్న వస్తువునో పట్టుకోవాలంటే లేజర్ వాడతారు.

మూడు అమరికలు

కాంతి వెళ్ళే దారిని బట్టి ఈ సెన్సర్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ఎదురెదురు రకం. కన్వేయర్‌కు ఒక వైపు కాంతి పంపేది, మరో వైపు అందుకునేది ఉంటాయి. మధ్యలోకి సరుకు వస్తే కాంతి తెగుతుంది. కాంతి ఒక్కసారే ప్రయాణిస్తుంది కనుక దీనికి అందే దూరం పదుల మీటర్లలో ఉంటుంది, దుమ్మునూ ఆవిరినీ బాగా తట్టుకుంటుంది. వస్తువు రంగుతో, మెరుపుతో పని లేదు. రెండు వైపులా వైరు లాగాలి, రెండింటినీ ఒకదానికొకటి సూటిగా నిలబెట్టాలి. ఖర్చంతా అక్కడే.

రెండవది రిఫ్లెక్టర్ రకం. కాంతి పంపేదీ అందుకునేదీ ఒకే డబ్బాలో ఉంటాయి, ఎదుటి వైపు సైకిలు వెనక ఉండేలాంటి రిఫ్లెక్టర్ పలక ఉంటుంది. ఆ పలకలో ఒకదానికొకటి లంబంగా మూడు తలాలున్న బుల్లి మూలలు వందల కొద్దీ ఉంటాయి. కాస్త వాలుగా వచ్చిన కాంతినైనా అవి వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. కనుక పలక కాస్త వంకరగా ఉన్నా ఫరవాలేదు. వైరు ఒక్క వైపే. పెట్టెల కన్వేయర్ల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి ఒక బలహీనత ఉంది. స్టీలు డబ్బానో మెరిసే కాగితం చుట్టిన పెట్టెనో అడ్డొస్తే, అది అద్దంలా కాంతిని వెనక్కి పంపి తానే రిఫ్లెక్టర్‌లా నటిస్తుంది. పెట్టె ఎదురుగా ఉన్నా సెన్సర్‌కు దారి ఖాళీగానే కనిపిస్తుంది. దీనికి విరుగుడు ధ్రువణం. పంపే కాంతిని ఒక తలంలో ధ్రువీకరించి, అందుకునే కటకం ముందు దానికి లంబంగా మరో ధ్రువణ ఫిల్టరు పెడతారు. రిఫ్లెక్టర్ మూలల్లో తిరిగి వచ్చే కాంతి ధ్రువణ తలం మారి ఆ ఫిల్టరును దాటుతుంది. మెరిసే డబ్బా మీంచి వచ్చేది మారదు కనుక అక్కడే ఆగిపోతుంది. పెట్టె మీద సాగదీసి చుట్టే ప్లాస్టిక్ పొర ఒక్కోసారి ధ్రువణాన్నే తారుమారు చేసి ఈ ఏర్పాటునూ మోసం చేస్తుంది. అలాంటి చోట సెన్సర్‌ను కొద్దిగా వాల్చి బిగిస్తారు.

మూడవదాన్ని డిఫ్యూజ్ రకం అంటారు. దీనికి రిఫ్లెక్టర్ కూడా ఉండదు. వస్తువు మీదే పడి చెదిరి వచ్చిన కాంతిని అందుకుంటుంది. బిగించడం అన్నిటికంటే సులువు, నమ్మడం అన్నిటికంటే కష్టం. కేటలాగులో రాసిన దూరం 90 శాతం కాంతిని తిప్పి పంపే తెల్ల కాగితానికి చెప్పినది. పరీక్షలకు వాడే నల్ల కాగితం తిప్పి పంపేది 6 శాతమే. అంటే తెల్ల అట్టపెట్టెకు 80 సెంటీమీటర్లలో పనిచేసిన సెన్సర్‌కు నల్ల రబ్బరు వస్తువు చాలా దగ్గరికి వస్తే గాని కనిపించదు. ఎదుటి వైపున్న తెల్ల గోడో, అటుగా నడిచిన మనిషి తెల్ల చొక్కానో మాత్రం కనిపిస్తుంది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చిందే బ్యాక్‌గ్రౌండ్ సప్రెషన్. ఇందులో సెన్సర్ కాంతి ఎంత వచ్చిందని కాదు, ఏ కోణంలో వచ్చిందని చూస్తుంది. దగ్గరి వస్తువు నుంచి వచ్చిన కాంతి రిసీవర్ మీద ఒక చోట, దూరపు గోడ నుంచి వచ్చినది మరో చోట పడుతుంది. ఈ త్రిభుజీకరణతో, నిర్ణయించిన దూరానికి అవతల ఎంత తెల్లని వస్తువున్నా పట్టించుకోదు. ధర కాస్త ఎక్కువైనా, కొత్తగా వేసే లైన్లలో మామూలు డిఫ్యూజ్ సెన్సర్ బదులు దీన్ని పెట్టడమే వివేకం. ఇంకా పెద్ద దూరాలకు కాంతి వెళ్ళి వచ్చిన కాలాన్ని కొలిచే సెన్సర్లున్నాయి. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది కనుక వాటిలోని గడియారం ఎంత సూక్ష్మమైనదో ఊహించుకోవచ్చు.

పారదర్శక వస్తువుల సంగతి వేరు. పెట్ సీసా, గాజు సీసా కాంతిని ఆపవు, కొద్దిగా తగ్గిస్తాయంతే. ఆ కొద్ది తగ్గుదలను పట్టేంత సున్నితంగా అమర్చితే, కటకం మీద పడిన దుమ్ము కూడా సీసాలాగే కనిపిస్తుంది. అందుకని పారదర్శక వస్తువుల కోసం చేసిన సెన్సర్లు నెమ్మదిగా వచ్చే తగ్గుదలను దుమ్ముగా భావించి తమ అవధిని సరిచేసుకుంటాయి, ఉన్నట్టుండి వచ్చిన తగ్గుదలను సీసాగా గుర్తిస్తాయి. నీళ్ళు 1450 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటాయి కనుక ఆ తరంగదైర్ఘ్యంతో సీసా నిండిందో లేదో కూడా తెలుసుకోవచ్చు.

సిమెంటు బస్తా ఉదాహరణ

అవుట్‌పుట్ మారడానికి కనీసం ఎంత కాంతి కావాలో దానికి ఎన్ని రెట్లు రిసీవర్‌కు అందుతోందో చెప్పే సంఖ్యను ఎక్సెస్ గెయిన్ అంటారు. శుభ్రమైన గదిలో 1.5 రెట్లు సరిపోతుంది. కొద్దిపాటి దుమ్ము ఉంటే 5 రెట్లు, ఓ మోస్తరు దుమ్ముకు 10 రెట్లు, కటకం మీద పొర కట్టేంత దుమ్ముకు 50 రెట్లు ఉండాలని ఇంజనీర్లు వాడే లెక్క. ఈ సంఖ్య విలువ తెలియాలంటే సిమెంటు ప్యాకింగ్ విభాగానికి వెళ్ళాలి. తాండూరు, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతాల్లో సున్నపురాయి నిక్షేపాలను ఆనుకుని సిమెంటు కర్మాగారాలున్నాయి. 50 కిలోల బస్తాలు ప్యాకర్ నుంచి బెల్టు మీద పడి లారీ లోడర్ దాకా నడుస్తాయి. లారీలోకి ఎన్ని బస్తాలు ఎక్కాయో లెక్క తేలాలి, అది బిల్లుతో కలవాలి. అక్కడి గాలిలోనే సిమెంటు ఉంటుంది. ఇలాంటి చోట డిఫ్యూజ్ రకం పెడితే రోజుల్లోనే గుడ్డిదైపోతుంది. ఎక్సెస్ గెయిన్ పుష్కలంగా ఉన్న పరారుణ ఎదురెదురు సెన్సరే నిలబడుతుంది. కటకం ముందు చిన్న గొట్టం అమర్చి సన్నగా గాలి వదిలితే ఇంకా మంచిది.

అయితే ఇక్కడ దుమ్ము కంటే పెద్ద చిక్కు బస్తాల మధ్య సందు. గంటకు 2,400 బస్తాలు వస్తున్నాయనుకుంటే బస్తాకూ బస్తాకూ మధ్య 1.5 సెకన్లు. బెల్టు సెకనుకు 1 మీటరు వేగంతో నడిస్తే ఒక బస్తా తల నుంచి తర్వాతి బస్తా తలకు 1.5 మీటర్లు ఉంటుంది. బస్తా పొడవు సుమారు 70 సెంటీమీటర్లు తీసేస్తే 80 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది, లెక్కకు ఇబ్బంది లేదు. కానీ మధ్యలో ఎక్కడో బెల్టు నెమ్మదిగా నడిచినా, ఒక బస్తా జారి రెండోదానికి తగిలినా సందు మూసుకుపోతుంది. రెండు బస్తాలు దాటేంతసేపూ కాంతి ఒక్కసారే తెగుతుంది, లెక్కలో ఒక్కటే చేరుతుంది. సెన్సర్ తప్పు ఇసుమంతైనా లేదు. లెక్క పెట్టే చోటికి ముందు ఇంకాస్త వేగంగా నడిచే చిన్న బెల్టు పెట్టి బస్తాలను విడదీయడం ఒక మందు. కాంతి తెగి ఉన్న కాలాన్ని కొలిచి, ఒక బస్తాకు పట్టే 0.7 సెకన్లకు బాగా మించితే అలారం మోగించడం మరొకటి. దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది. బస్తా మూల ముందు ఒకసారి కాంతిని తెంచి, ముడత దగ్గర వదిలి, మళ్ళీ తెంచితే ఒకే బస్తా రెండుగా నమోదవుతుంది. కాంతి మళ్ళీ వచ్చాక కొద్దిసేపు ఆగి, అప్పటికీ తెగకపోతేనే బస్తా దాటినట్టు ఒప్పుకునేలా టైమరు పెడితే ఇది పోతుంది.

వేగం, సంకేతం

సాధారణ సెన్సర్ స్పందన కాలం 1 మిల్లీసెకను, అంతకు తక్కువ. సెకనుకు 2 మీటర్లు పోయే బెల్టు మీద ఆ వ్యవధిలో పెట్టె కదిలేది 2 మిల్లీమీటర్లే. ఈ సంఖ్య చూసి నిశ్చింతగా ఉంటే పొరపాటు. సంకేతం కన్వేయర్‌ను నడిపే పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) ఇన్‌పుట్ కార్డులోని ఫిల్టరును దాటాలి, దానికి 3 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. తర్వాత పీఎల్‌సీ ప్రోగ్రాము ఒక చుట్టు పూర్తిచేయడానికి 10 మిల్లీసెకన్లు. అన్నీ కలిపి చెడు సందర్భంలో 14 మిల్లీసెకన్లు, అంటే 28 మిల్లీమీటర్లు. తప్పు చాలావరకు సెన్సర్‌లో కాక దాని వెనకాల ఉంటుంది. పెట్టెల మధ్య సందు 15 మిల్లీమీటర్లే ఉంటే అది కేవలం 7.5 మిల్లీసెకన్లలో దాటిపోతుంది, పీఎల్‌సీ దాన్ని అసలు చూడకపోవచ్చు. అలాంటి పనికి ప్రోగ్రాము చుట్టుతో నిమిత్తం లేని వేగవంతమైన కౌంటరు ఇన్‌పుట్ వాడాలి.

సెన్సర్‌కు సాధారణంగా 24 వోల్టుల డీసీ ఇస్తారు. గోధుమ రంగు వైరు ప్లస్, నీలం సున్నా, నలుపు అవుట్‌పుట్. తెలుపు ఉంటే రెండో అవుట్‌పుట్. పీఎన్‌పీ రకం అవుట్‌పుట్ మీద 24 వోల్టులు పంపుతుంది, ఎన్‌పీఎన్ రకం దాన్ని సున్నాకు లాగుతుంది. ఐరోపాలో మొదటిది, జపాన్‌లో రెండోది ఎక్కువ చలామణీ. మన దేశంలో యంత్రం ఎక్కడి నుంచి వస్తే ఆ అలవాటు దానితో వస్తుంది, స్టోర్సులో రెండూ ఉంచుకోవాల్సి వస్తుంది. సున్నాను భూమికి కలిపిన ప్యానెల్లో ఎన్‌పీఎన్ వైరు ఒరిసి ఫ్రేముకు తగిలితే పీఎల్‌సీకి అది నిజమైన సంకేతంలాగే కనిపిస్తుంది. పీఎన్‌పీని ఇష్టపడేవారు చెప్పే గట్టి కారణం ఇది.

కాంతి అందినప్పుడు అవుట్‌పుట్ ఇచ్చేది లైట్‌-ఆన్, అందనప్పుడు ఇచ్చేది డార్క్‌-ఆన్. రెండింటితోనూ పని జరుగుతుంది కనుక దీన్ని పట్టించుకోకుండా వదిలేయడం మామూలే. కానీ సరుకు పేరుకుపోతే బెల్టు ఆపాల్సిన చోట ఎదురెదురు సెన్సర్‌ను లైట్‌-ఆన్‌లో పెట్టడం మేలు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ సంకేతం ఉంటుంది. పెట్టె అడ్డొచ్చినా, వైరు తెగినా, కటకం మసకబారినా సంకేతం పోతుంది, బెల్టు ఆగుతుంది. డార్క్‌-ఆన్‌లో పెడితే తెగిన వైరు ఖాళీ దారిలా కనిపించి, వెనకాల పెట్టెలు వచ్చి గుద్దుకుంటూనే ఉంటాయి.

ఇప్పటి సెన్సర్లలో చాలావాటికి ఐఓ-లింక్ అనే సమాచార మార్గం ఉంటుంది. అదే మూడు వైర్ల మీద, 20 మీటర్ల దాకా, కాంతి బలం ఎంతుందో, కటకం ఎప్పుడు తుడవాలో కూడా చెబుతుంది. ఉందా లేదా అన్న ఒక్క జవాబుతో సరిపెట్టుకున్న పరికరం ‘ఉంది, కానీ సరిగా కనబడటం లేదు’ అనడం నేర్చుకున్నట్టు.

పెట్టెలు తగలకుండా ఆపడం

సెన్సర్ల ఉపయోగాల్లో చూడముచ్చటైనది ఒత్తిడి లేని నిల్వ కన్వేయర్. మామూలు కన్వేయర్ మీద ముందు పెట్టె ఆగితే వెనకవన్నీ వచ్చి దాన్ని నెడతాయి, ఆ ఒత్తిడికి అట్టపెట్టెలు నలుగుతాయి. ఇందులో కన్వేయర్‌ను ఒక్కో పెట్టె పట్టేంత భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగానికీ సొంత మోటారు రోలరును, చివర ఒక సెన్సర్‌ను ఇస్తారు. నియమం చాలా చిన్నది: నా సెన్సర్ ముందు పెట్టె ఉండి, నా ముందు భాగంలోనూ పెట్టె ఉంటే ఆగాలి, లేకపోతే నడవాలి. ఎవరూ అందరినీ చూడరు, ఎవరి ముందువాడిని వారే చూసుకుంటారు. అయినా వంద మీటర్ల లైను క్యూలో నిలబడ్డ మనుషుల్లా, అదీ ఒకరినొకరు తోసుకోని మనుషుల్లా, క్రమంగా ఆగుతుంది, క్రమంగా కదులుతుంది. ఆగిన భాగం రోలరు తిరగదు కనుక కరెంటూ మిగులుతుంది.

సరుకును గమ్యాల వారీగా వేరుచేసే లైన్లలో సెన్సర్‌కు ఎన్‌కోడర్ తోడవుతుంది. బెల్టు ప్రతి 5 మిల్లీమీటర్లు కదిలినప్పుడల్లా ఎన్‌కోడర్ ఒక పల్స్ ఇస్తుందనుకుంటే, సెన్సర్ దగ్గరి నుంచి 8 మీటర్ల దూరంలోని మళ్ళింపు చేతికి పెట్టె 1,600 పల్సుల తర్వాత చేరాలి. ఆ చేతికి కాస్త ముందు మరో సెన్సర్ ఉంటుంది. అనుకున్న పల్సు దగ్గర పెట్టె కనిపిస్తే సరే. ముందే వచ్చినా, ఆలస్యంగా వచ్చినా అది బెల్టు మీద జారి ఉండాలి, లేదా దారిలో ఎవరో ఎత్తి పెట్టి ఉండాలి. అప్పుడది ఏ పెట్టో తెలియదనే వ్యవస్థ భావిస్తుంది. విమానాశ్రయంలో ఇలా జాడ తప్పిన సామాను మళ్ళీ తనిఖీకి వెళుతుంది.

అన్ని కన్వేయర్లకూ ఈ సెన్సర్లు తగవు. బొగ్గు బెల్టు మీద విడి వస్తువు అంటూ లేదు, దుమ్ము అపారం. అక్కడ బెల్టు పక్కకు జరగడాన్నీ, సరుకు జారే చ్యూటు నిండడాన్నీ మీటల స్విచ్చులు, రాడార్ పరికరాలు చూసుకుంటాయి.

సంరక్షణ, భద్రత

నీళ్ళతో కడిగే ఆహార పరిశ్రమల లైన్లలో ఐపీ69కే రక్షణ స్థాయి ఉన్న డబ్బాలు కావాలి. ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని మాత్రమే, 80 డిగ్రీల వేడినీటి జెట్టుకు అది చాలదు. కటకాలు చాలావరకు ఆక్రిలిక్‌వి. వాటిని థిన్నర్‌తోనో స్పిరిట్‌తోనో తుడిస్తే పగుళ్ళు వచ్చి శాశ్వతంగా మసకబారతాయి. మెత్తటి తడి గుడ్డ చాలు. పక్కపక్కనే రెండు ఎదురెదురు జతలు పెట్టాల్సి వస్తే ఒకదానిలో కాంతి పంపే ఎమిటర్ ఎడమకు, రెండోదాని ఎమిటర్ కుడికి పెడితే ఒకదాని కాంతి మరొకదాని కంటిలో పడదు. సెన్సర్ చెడిపోయిందని మార్చే ముందు బ్రాకెట్ నట్టు చూడాలి. వదులై పక్కకు తిరిగిన సెన్సర్‌కూ చెడిపోయిన సెన్సర్‌కూ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే.

మనుషుల రక్షణకు వాడే లైట్ కర్టెన్ చూడటానికి ఇలాంటి కాంతి రేఖల వరుసే అయినా అది వేరే జాతి పరికరం. 1950ల మొదట్లో జర్మన్ ఇంజనీరు ఎర్విన్ సిక్ కృషితో రూపుదిద్దుకున్న ఈ పరికరానికి నేడు ఐఈసీ 61496 ప్రమాణం వర్తిస్తుంది. అది తనలోని లోపాన్ని తానే వెతుక్కుంటూ, లోపం దొరికితే యంత్రాన్ని ఆపేస్తుంది. రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. ప్యాలెట్‌ను లోపలికి రానిచ్చి మనిషిని ఆపడానికి దాని ముందు అడ్డంగా రెండు మామూలు సెన్సర్లను కత్తెర ఆకారంలో పెట్టి, రెండూ దాదాపు ఒకేసారి తెగితేనే కర్టెన్‌కు కాసేపు సెలవిస్తారు. ఆ రెండింటి పని ప్యాలెట్‌ను గుర్తించడం వరకే. మామూలు ఫోటోఎలక్ట్రిక్ సెన్సర్‌ను మనిషి చేతికీ కదిలే యంత్రానికీ మధ్య కాపలా పెట్టకూడదని తయారీదారులే తమ డేటా షీట్లలో హెచ్చరిస్తారు.